మెడికల్ వీడియో కోర్సుకు 7,499 కట్టి మోసపోయినం, మీరు కట్టేముందు ఇది చదవండి

నేను నల్లగొండల గడియారం సెంటర్ దగ్గర ఒక ప్రైవేట్ ల్యాబ్‌ల టెక్నీషియన్‌ను. తొమ్మిదేండ్ల నుంచి పొద్దుగాల ఆరింటికే రక్తం తీసుడు మొదలువెడ్త. అసొంటి నేనే మోసపోయిన గాబట్టి సిగ్గు పక్కనవెట్టి రాస్తున్న. అనాటమీ, జబ్బులు, ఇంజక్షన్లు, శాంపిల్ తీసుడు అన్నీ తెలుగు వీడియోలల్లనే నేర్పిస్తం, ఆఖరుకు సర్టిఫికెట్ ఇస్తం అని ఎవరన్నా ఫోన్ జేస్తె, పైసలు కొట్టేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి.

మా చెల్లె ఇంటర్ బైపీసీ అయినంక మహబూబ్‌నగర్‌ల డీఎంఎల్‌టీ చేస్తున్నది, అంటె ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, మొదటి సంవత్సరం. మాది మర్రిగూడ దిక్కు పల్లె. పిల్ల పదో తరగతి దాంక తెలుగు మీడియం. అక్కడ క్లాసులు ఇంగ్లిష్‌ల నడుస్తయి. "అక్కా, సార్ చెప్పేది సగం సమజైతలేదు" అని హాస్టల్ నుంచి ఫోన్ జేసి ఏడ్చింది. సరిగ్గ గప్పుడే నా ఫోన్‌కు వినాయక చవితి ఆఫర్ అని మెసేజ్ వచ్చింది. 18,000 ప్యాకేజీ 7,499కే, 600 వీడియోలు, జీవితాంతం చూసుకోవచ్చు, మొత్తం తెలుగుల.

నంబర్ ఇచ్చిన ఐదు నిమిషాలకు ఒకామె ఫోన్ జేసింది. "మీరు ఫీల్డ్‌లోనే ఉన్నారు కదా మేడం, మీకు తెలియనిదేముంది" అని మెల్లగ ఎత్తేసింది. డెమో అడిగితె గుండె 3డీ వీడియో వెట్టింది. అబద్ధమెందుకు, అది మంచిగనే ఉన్నది. కవాటాలు తెరుసుకునుడు, మూసుకునుడు, చెడ్డ రక్తం ఊపిరితిత్తులకు పోయి మంచిదై తిరిగొచ్చుడు, అన్నీ కండ్లకు కట్టినట్టు చూపెట్టిండ్రు. గా ఒక్క వీడియోకే పడిపోయిన. ఇంకో దిక్కు స్క్రీన్ మీద గడియారం: ఆఫర్ 20 నిమిషాలల్ల అయిపోతది! కట్టేసిన. తెల్లారి చూస్తె అదే గడియారం మళ్ళ 20 నిమిషాల కాన్నుంచే తిరుగుతున్నది. ఇసొంటి దొంగ తొందర పెట్టుడు తప్పని కేంద్రం 2023ల డార్క్ ప్యాటర్న్స్ మీద తెచ్చిన మార్గదర్శకాలల్ల ఉన్నదంట. నాకు తర్వాత తెలిసింది.

దసరాకు చెల్లె ఇంటికొచ్చింది. రాత్రి బువ్వ తిన్నంక ముగ్గురం మంచం మీద కూసున్నం. నేను, చెల్లె, మా నాయనమ్మ. నాయనమ్మ నడుము ఎప్పుడో వంగిపోయింది. మెడ ఒక్కటే తిరగది, పక్కకు చూడాలంటె ఒళ్ళంతా తిప్పాలె. మా దిక్కు ఇట్ల ఎంతమంది ఉన్నరో మీకు చెప్పే పనిలేదు. చెల్లె ఎముకల జబ్బుల వీడియో వెట్టింది. ఫ్లోరోసిస్, అంటె తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు, ఎముకలు చెడగొట్టే జబ్బు, అండ్ల దాని గురించి చెప్పింది ఒక్క నిమిషం గూడ లేదు. దానికి చూపెట్టిన బొమ్మ ఏందో తెలుసా? పిప్పి పన్ను! నల్లగ బొక్కవడ్డ పన్ను. ఫ్లోరోసిస్ అంటె పిప్పి పన్ను గాదు. పింగాణి మీద సున్నం గీసినట్టు తెల్ల చారలు, ముదిరితె ఇటుక రంగు మరకలు వస్తయి. అవి గూడ చిన్నతనంల, చిగురు లోపల పన్ను తయారయ్యే వయసుల ఆ నీళ్ళు తాగితెనే వస్తయి. పెద్దయినంక తాగితె పండ్లకు రావు, బొక్కలకు, అంటె ఎముకలకు వస్తది. ఇవేవీ వీడియోల లేవు.

ఆపైన ఆ గొంతు ఏమన్నదంటె, "నీటిని బాగా మరిగించి తాగడం వలన ఫ్లోరైడ్ తొలగిపోతుంది."

నాయనమ్మ ఫోన్ దిక్కు ఒళ్ళంతా తిప్పి, "మరగవెడితె పోయేదైతె మా నడుములు ఎందుకు వంగుతుండె బిడ్డా" అన్నది.

మరగవెడితె ఆవిరయ్యేది నీళ్ళు. ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది, ఉన్న నీళ్ళల్ల ఇంకింత చిక్కనైతది. తాగే నీళ్ళల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్ళు దొరకని కాడ 1.5 దాంక అని మన దేశపు ప్రమాణం. దాన్ని తీయాలంటె పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, తేరినంక పైనీళ్ళు వడగట్టే పద్ధతి ఒకటున్నది. నాగపూర్‌ల ఉన్న నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారు జేసిన ఆ పద్ధతికి లోకమంతా పిలిచే పేరు నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరే! 600 వీడియోల ప్యాకేజీల ఆ ముచ్చట ఒక్క ముక్క లేదు.

మనకు తెలిసిన జబ్బు కాడనే ఇట్లున్నదంటె తెలువని కాడ ఎట్లుంటదో అని భయమైంది. ఆ రాత్రి నా పనికి సంబంధించిన వీడియోలు వెట్టుకొని కూసున్న. రక్తం తీసేది చూసిన. చెయ్యికి పట్టీ కట్టి, దాన్ని అట్లనే ఉంచి మూడు నిమిషాలు ముచ్చట చెప్పిండు. నిమిషం దాటితెనే రిజల్ట్ మారుతది. సూది గుంజినంక పట్టీ ఇప్పిండు. అది తలకిందులు, ముందు పట్టీ ఇప్పాలె, తర్వాతనే సూది బయటికి తియ్యాలె. వాడిన సూదికి రెండు చేతులతోటి మళ్ళ క్యాప్ వెట్టిండు. మా ల్యాబ్‌ల ఎవరన్నా గట్ల చేస్తె మా సీనియర్ చెయ్యి మీదనే కొడ్తడు, ఎందుకంటె హెపటైటిస్ బీ, హెచ్‌ఐవీ అట్ల సూది గుచ్చుకున్నా అంటుకునేటియి.

ట్యూబుల కాడ ఇంకా ఘోరం. ముందు ఊదా మూత ట్యూబు నింపి, తర్వాత ఎర్ర మూతది నింపిండు. ఊదా దాంట్ల రక్తం గడ్డకట్టకుంట ఆపే ఈడీటీఏ పొటాషియం ఉప్పు ఉంటది. అది రవ్వంత ఎర్ర ట్యూబుల పడ్డా పొటాషియం లేనిపోనిది ఎక్కువ జూపిస్తది, కాల్షియం తక్కువ జూపిస్తది. డాక్టర్ ఆ రిపోర్ట్ చూసి మందు రాస్తె? బూడిద రంగు మూతది షుగర్‌కు అన్నడు, అది నిజమే, గానీ అందుల ఏముంటదో చెప్పలేదు. ఉండేది సోడియం ఫ్లోరైడ్. మా ఊర్ల బొక్కలు వంచిన ఫ్లోరైడే మా ల్యాబ్‌ల రక్తంల చక్కెర కరిగిపోకుంట ఆపుతది. నేనైతె ఎవరికి నేర్పినా ఈ ముచ్చటతోనే మొదలువెడ్త, ఇగ మర్సిపోరు.

భాష గురించి రెండు మాటలు. ఆ తెలుగు మనిషి చెప్పింది కాదు, మిషన్ చదివింది. రక్తనాళాలు అనాల్సిన కాడ "రక్త పాత్రలు" అంటది. రక్తంల క్రిములున్నయా అని పెంచి చూసే బ్లడ్ కల్చర్‌ను "రక్త సంస్కృతి" అన్నది. చెల్లె, నేను నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నం, కానీ ఆ పిల్ల పరీక్షల అట్లనే రాస్తె ఎవరు నవ్వాలె? మంచిగున్న వీడియోలు ఎక్కడియో గూడ దొరికింది. స్క్రీన్ మూలకు చూస్తె ఒక కాడ మసక మరక ఉంటది, వేరే చానెల్ పేరు చెరిపేసిన జాగ. అదే వీడియో యూట్యూబ్‌ల ఉట్టిగనే ఉన్నది. నన్ను పడగొట్టిన గుండె వీడియో గూడ గంతే.

ఒకటి చెప్పకుంట దాస్తె తప్పయితది. నేను చూడకముందే చెల్లె హాస్టల్‌ల తోటి పిల్ల మీద ఆ వీడియో చూసుకుంట రక్తం తీసింది. "ఇంట్లవాళ్ళ మీద, ఫ్రెండ్స్ మీద ప్రాక్టీస్ చేయండి" అని వీడియోలనే ఉన్నది మరి. పట్టీ ఇప్పకుంట సూది గుంజింది. ఆ పిల్ల మోచేతి లోపల కోడిగుడ్డంత నీలం మచ్చ, పది దినాలు పోలేదు. అది నా పైసల పాపమే.

సర్టిఫికెట్ కాడికొస్తె, కోర్సు అమ్మిన ఫోనామె "గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అన్నది. చూపెట్టుమంటె రెండు కాగితాలు పంపింది. ఒకటి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటె చిన్న వ్యాపారం అని ఎవరికి వాళ్ళు ఆన్‌లైన్ల రాసుకునేది. కారం గిర్నికి గూడ వస్తది. రెండోది ఐఎస్‌ఓ, ఆఫీసు నడిపే పద్ధతికి ఇచ్చేది, పాఠానికి కాదు. డీఎంఎల్‌టీ అంటె తెలంగాణ పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీల చదివి, పరీక్ష రాసి, చేతులు పెట్టి పనిజేస్తె వచ్చేది. వీడియోలు చూసినోళ్ళకు మా ల్యాబ్‌ల ఊడ్చే పని గూడ ఇయ్యరు, సూది సంగతి దేవుడెరుగు.

రిఫండ్ అడిగితె ఏడు దినాల గడువు అయిపోయిందన్నరు. ఏడు దినాలల్లనే అడిగినోళ్ళ సంగతి గూడ కింద చిన్న అక్షరాలల్ల ఉన్నది: ఐదు వీడియోలు తెరిస్తె రిఫండ్ లేదు. ఐదు చూడకుంట మంచిదో కాదో ఎట్ల తెలుస్తది? పైగ వచ్చే నెల నుంచి "యాప్ సర్వీస్" అని 299 ఆటోపే పెట్టుకున్నరు. పైసలు కట్టేటప్పుడు నేనే ఓకే కొట్టిన్నట. మీకు గూడ గట్లయితె యూపీఐ యాప్‌ల ఆటోపే అనే కాడికి పోయి రద్దు జేయండి, యాప్ డిలీట్ జేస్తె సరిపోదు.

కొనాలనే ఉంటె వాళ్ళు చూపెట్టిన డెమో చూడకండి. మీరే ఒక పాఠం పేరు చెప్పి అది వెట్టుమనండి. అది గూడ మీ ఇంట్ల ఉన్న జబ్బుది అడగండి. ఇంట్ల షుగరుంటె షుగర్, ఫిట్స్ ఉంటె ఫిట్స్. ఫిట్స్ వచ్చినోళ్ళ నోట్ల చెంచా వెట్టుమన్నడంటె, అది తప్పు, అక్కడనే ఫోన్ కట్ జేయండి. నేను ఫ్లోరోసిస్ అడిగి ఉంటె 7,499 మిగులుతుండె. అనాటమీ చూసి గుర్తుపెట్టుకునేటందుకు వీడియో మంచిదే, కేంద్ర ప్రభుత్వపు స్వయం పోర్టల్‌ల పాఠాలు ఉట్టిగనే ఉన్నయి. సూది మాత్రం పక్కన సీనియర్ నిలవడితెనే పట్టాలె.

1915కు ఫోన్ జేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ల ఫిర్యాదు ఇచ్చిన. దాని తర్వాత కంపెనీ వాళ్ళు 3,000 వాపస్ ఇస్తమన్నరు, వద్దన్న. ఇగ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల వేస్తున్న. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే కాడనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతె ఫీజు లేదు, వకీలు లేకున్నా నడుస్తది, రెండేండ్ల లోపల వేయాలె. పైసలు కట్టిన రసీదు, మెసేజ్‌లు, ఆ తిరిగే గడియారం స్క్రీన్‌షాట్ అన్నీ దాచిపెట్టిన. ఫ్లోరోసిస్ వీడియో గూడ రికార్డు జేసిన. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు దిక్కు ఇసొంటి ప్యాకేజీకే కట్టినోళ్ళు ఉంటె ఇక్కడ కామెంట్ వెట్టండి, అందరి కాగితాలు కలిపి ఒకేసారి ఇద్దాం.