ఎవరూ తీసుకెళ్లని కుక్కకు, పిల్లికి శరణాలయం మేలా, ఇల్లు మేలా?

రెస్క్యూ చేసి తెచ్చిన వాటిలో ఆరోగ్యంగా ఉన్న కుక్కపిల్లలు, పిల్లికూనలు త్వరగానే దత్తత పోతాయి. ముసలివి, చూపు లేనివి, నడుము పడిపోయినవి, మనిషి చెయ్యి కదిలితే మూలకు నక్కేవి, ఒకటి రెండుసార్లు కరిచినవి మిగిలిపోతాయి. వీటికి ఉన్న దారులు మూడు. బతికినన్నాళ్లూ ఉంచుకునే శరణాలయం ఒకటి. ఖర్చులు సంస్థ భరిస్తుంటే ఒక కుటుంబం ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఫోస్టర్ పద్ధతి రెండోది. అన్నీ తెలిసి కూడా ముందుకొచ్చేవాళ్ల దత్తత మూడోది. అది దొరకడమే అరుదు కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

చాలామంది మనసు శరణాలయం వైపే మొగ్గుతుంది. ఆరుబయట స్థలం, తోడుగా నాలుగు కుక్కలు, చివరిదాకా తిండికి లోటు లేదు. ఫొటోల్లో బాగానే ఉంటుంది. నన్నడిగితే మాత్రం ఆ జంతువు ఎందుకు మిగిలిపోయిందో ముందు చూడాలంటాను. జబ్బు వల్ల మిగిలితే ఇల్లే మేలు. భయం వల్ల మిగిలితే ముందు శరణాలయం, ఆ తర్వాత ఇల్లు. కరుస్తుందని మిగిలితే చాలావరకు శరణాలయమే.

జబ్బు సంగతి టైమ్‌తో ముడిపడి ఉంటుంది. అమెరికా షెల్టర్లు చాలాకాలంగా వాడుతున్న కనీస లెక్క ఒకటుంది: ఒక్కో జంతువుకు రోజుకు 15 నిమిషాలు, అందులో శుభ్రం చేయడానికి 9, తిండి పెట్టడానికి 6. అంటే 40 జంతువులుంటే 10 గంటలు. ఇందులో మందులు లేవు, నడిపించడం లేదు, పక్కన కూర్చుని నిమరడం అసలే లేదు. నడుము పడిపోయిన కుక్కకు రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపు నొక్కి మూత్రం తీయించాలి. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. షుగర్ ఉన్న పిల్లికి సాధారణంగా 12 గంటలకోసారి ఇన్సులిన్ ఇవ్వాలి, అదీ తిన్నదని చూసుకున్నాకే. ఇంట్లో ఒకే పిల్లి ఉంటే గిన్నెలో ఎంత మిగిలిందో చూడగానే తెలుస్తుంది. పది పిల్లులున్న గదిలో ఎవరు తినలేదో పట్టుకోవడం అంత సులువు కాదు, పైగా పిల్లి తన జబ్బును బయటపడనివ్వదు. లావుగా ఉన్న పిల్లి కొద్ది రోజులు తిండి మానేసినా కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రోజూ మందులు కావాల్సినవాటిని ఎంత మంచి శరణాలయమైనా వీలైనంత త్వరగా ఫోస్టర్ ఇంటికి పంపాలి.

గుడ్డి కుక్క అయితే ఇంకా తేలిక. సోఫా, గిన్నె, పక్క ఎక్కడివక్కడే ఉంచితే చాలు, త్వరలోనే దారులన్నీ దానికి కంఠతా వచ్చేస్తాయి. చెవుడున్న కుక్కకు చేతి సైగలు నేర్పొచ్చు. మూడు కాళ్ల కుక్కకు బరువు పెరగకుండా చూడటమే పెద్ద పని. ఇలాంటివి ఎందుకు మిగిలిపోతాయో నాకు అర్థం కాదు.

శబ్దం గురించి కూడా చెప్పాలి. కుక్కలన్నీ ఒకేసారి మొరిగే కెన్నెల్లో శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. నెలల తరబడి అక్కడే ఉన్న కుక్కల్లో కొన్ని గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, గోడల మీదికి ఎగురుతుంటాయి. అది హుషారు కాదు, ఒత్తిడి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని 5 షెల్టర్లకు చెందిన 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి చూశారు. ఆ రాత్రుల్లో వాటి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. షెల్టర్‌కు తిరిగొచ్చాక పాత స్థాయికి చేరింది, అంతకు మించి పెరగలేదు. ‘ఇల్లు చూపించి వెనక్కి తెస్తే పాపం ఇంకా బాధపడుతుంది కదా’ అని ఫోస్టర్ వద్దనేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. శరణాలయంలోనే ఉండక తప్పని కుక్కకు కూడా అప్పుడప్పుడూ ఇలాంటి సెలవు ఇప్పించొచ్చు.

ఇక భయం. కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునేది దాదాపు 3 నుంచి 14 వారాల వయసులో. ఆ రోజులన్నీ బ్రీడింగ్ బోనులోనో, ఒకే ఇంట్లో వంద జంతువుల మధ్యనో గడిచిపోతే, పెద్దయ్యాక దానికి మామూలు ఇల్లే భయపెడుతుంది. మిక్సీ, కాలింగ్ బెల్, పిల్లల పరుగులు అన్నీ టెన్షనే. తలుపు కాస్త తెరిచి ఉంటే చాలు, బయటికి దూకి పారిపోతుంది. జాలిపడి తీసుకెళ్లిన కుటుంబం కొద్ది రోజులకే చేతులెత్తేస్తుంది. ఇక్కడ శరణాలయమే ముందుంటుంది: జంట గేట్లు, ప్రతిరోజూ అదే మనిషి, అదే వేళ, దాక్కోవడానికి చోటు, పక్కన మనుషులంటే భయంలేని మరో కుక్క. భయపడే కుక్క ఆ రెండో కుక్కను చూసే ధైర్యం తెచ్చుకుంటుంది. అమెరికాలో జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ 2018లో నార్త్ కరోలినాలోని వీవర్‌విల్‌లో ఇలాంటి కుక్కల కోసమే ఒక కేంద్రం తెరిచింది. అక్కడ లక్ష్యం వాటిని ఉంచుకోవడం కాదు, నయంచేసి ఇళ్లకు పంపడం.

కరిచే కుక్కల విషయంలో 2007 నాటి మైకేల్ విక్ కేసు చాలామంది ఆలోచన మార్చింది. ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి వర్జీనియా ఇంట్లో కుక్కల పందేలు బయటపడ్డాయి. అంతకు ముందు అలాంటి కుక్కలను దాదాపుగా చంపేసేవారు. ఈసారి ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించారు. కొన్ని నేరుగా ఫోస్టర్ ఇళ్లకు వెళ్లాయి. బాగా దెబ్బతిన్న 22 కుక్కలు యూటాలోని కానాబ్ దగ్గరున్న బెస్ట్ ఫ్రెండ్స్ శరణాలయానికి చేరాయి. వాటిలోనూ చాలావాటికి తర్వాత ఇళ్లు దొరికాయి. రెండింటిని మాత్రం జీవితాంతం అక్కడే ఉంచాలని కోర్టు చెప్పింది. నాకు సరైన పద్ధతి ఇదే అనిపిస్తుంది, ‘పందెం కుక్క’ అన్న ముద్ర చూసి కాకుండా ముందున్న కుక్కను చూసి తేల్చడం.

అలాగని చిన్నపిల్లలున్న ఇంటికి మనిషిని గట్టిగా కరిచిన కుక్కను ఫోస్టర్‌కు పంపడం మంచితనం కాదు. దాన్ని తాకగలిగేది ఇద్దరే అయి, వాళ్లు సెలవు పెట్టిన రోజు అది బయటికే రాలేకపోతే, ఆ బతుకు గురించీ నిజాయితీగా మాట్లాడాలి. మూడు దారులే అన్నాను కానీ కారుణ్య మరణమనే నాలుగోదాన్ని దాచి ప్రయోజనం లేదు. తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాటికి పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ తయారుచేసిన కొలమానం పనికొస్తుంది: నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా అన్నది. పరిస్థితి ఎంత బాగుంటే అంత ఎక్కువగా, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తే, మొత్తం 35 దాటినంతకాలం కొనసాగించొచ్చని ఆమె లెక్క. కరిచే కుక్కకు ఇలాంటి స్పష్టమైన కొలత లేదు, అందుకే అక్కడ వాదనలు ఎక్కువ.

పిల్లుల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఎఫ్‌ఐవీ, అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్, ఉన్న పిల్లిని చూసి జనం అనవసరంగా భయపడతారు. అది ముఖ్యంగా లోతైన కాట్ల ద్వారా అంటుతుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి కొట్లాటలకు పోని పిల్లి ఇంట్లో ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది. శరణాలయంలో దాని చోటు వేరేదానికి ఇవ్వొచ్చు. ఎఫ్‌ఈఎల్‌వీ, అంటే పిల్లుల లుకేమియా వైరస్, సంగతి వేరు. ఉమ్మి ద్వారా పాకుతుంది, ఒకదాన్నొకటి నాకినా, గిన్నె పంచుకున్నా ప్రమాదమే. జబ్బు ముదిరే రకమైతే చాలావరకు మూడేళ్లకు మించి ఉండవు. వీటికి వేరే పిల్లి లేని ఇల్లు దొరికితే అదే నయం, లేదంటే శరణాలయంలో వాటికోసమే ఒక గది. అలాంటి గదుల్లో కూడా పిల్లికి కనీసం 18 చదరపు అడుగులు ఉండాలని షెల్టర్ వైద్యుల మార్గదర్శకాలు అంటాయి. కిక్కిరిస్తే ఒత్తిడికి జలుబు తిరగబెడుతుంది.

మనిషిని ఎప్పుడూ నమ్మని వీధి పిల్లికి మాత్రం ఇల్లూ వద్దు, శరణాలయమూ వద్దు. పిల్లికూన మనిషికి అలవాటుపడేది దాదాపు 2 నుంచి 7 వారాల మధ్య. అది దాటిపోయిన పెద్ద పిల్లిని గదిలో పెట్టడం జైలే. ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే వదిలేసి తిండి చూసుకోవడం మంచిది.

ఫోస్టర్ ఇళ్లకూ తిప్పలున్నాయి. ఊరు మారతారు, ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, జంతువు వెనక్కొస్తుంది. ఆ రోజు చేర్చుకునే చోటు లేకపోతే ఫోస్టర్ పద్ధతే కూలిపోతుంది, కాబట్టి వెనక ఒక శరణాలయం ఉండి తీరాలి. కానీ జీవితాంతం ఉండే ప్రతి జంతువూ ఒక చోటును ఏళ్ల తరబడి ఆక్రమిస్తుంది. ఎవరినీ కాదనలేని శరణాలయం మెల్లగా జంతువులను పోగేసే ఇల్లుగా మారిపోతుంది, అది నడిపేవాళ్లకే ఆలస్యంగా తెలుస్తుంది. మీ దగ్గరున్న జంతువును ఎక్కడైనా అప్పగించే ముందు అడగండి: ఎన్నింటికి మించి తీసుకోరు, పోయినేడు ఎన్ని ఇళ్లకు వెళ్లాయి, రాత్రిపూట ఎవరుంటారు, నడిపే మనిషి మంచం పడితే బాధ్యత ఎవరిది. మొదటి ప్రశ్నకే అంకె చెప్పలేకపోతే ఇంకో చోటు వెతకండి.