కరువు మ్యాప్, మంచు మీటర్లు, ఎండ రంగులు: బాదం తోటలో ఏళ్ల తరబడి వాడాక

మాది అనంతపురం జిల్లా. బోర్లు ఎండిపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. 2019లో కాలిఫోర్నియాలో మదేరా దగ్గర ఇరవై ఎకరాల బాదం తోట కౌలుకు తీసుకున్నాను. కాలువ ఉంది, బోరు ఉంది, ఇంక నీళ్ల టెన్షన్ ఏముంటుందిలే అనుకున్నా. రెండేళ్లకే ఆ ధీమా పోయింది. అప్పటి నుంచి మూడు ఉచిత వెబ్‌సైట్లు చూడకుండా తోటలో ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు.

ముందు అందరికీ తెలిసిన అమెరికా డ్రాట్ మానిటర్. నెబ్రాస్కా యూనివర్సిటీలోని కరువు కేంద్రం, అమెరికా ప్రభుత్వ వాతావరణ, వ్యవసాయ శాఖలు కలిసి 1999 నుంచి గీస్తున్న మ్యాప్ ఇది. ప్రతి గురువారం వస్తుంది. పసుపు రంగు డీ0 (మామూలు కంటే పొడి)తో మొదలై ముదురు ఎరుపు డీ4 (అతి తీవ్ర కరువు) దాకా వెళ్తుంది. మన దగ్గర కరువు మండలాల జాబితా ఖరీఫ్ దాదాపు అయిపోయాక వస్తుంది కదా, ఇది వారం వారం వస్తుంది. పశువుల మేతకు ప్రభుత్వ సాయం అందడం కూడా ఈ రంగుల మీదే ఆధారపడి ఉంటుంది. కానీ నా తోటకు తడి ఎప్పుడు పెట్టాలో ఇది చెప్పదు. ఒక్కో పొలం పరిస్థితి తేల్చడానికి వాడొద్దని గీసేవాళ్లే అంటారు. 2023 వానల తర్వాత మ్యాప్‌లో ఎరుపు చాలావరకు పోయింది, మా బోరులో మట్టం మాత్రం అంత తొందరగా పైకి రాలేదు. మూడు స్టార్లు.

అసలు పనికొచ్చింది కాలిఫోర్నియా రాష్ట్ర జలవనరుల శాఖవాళ్ల మంచు పేజీ. చూడటానికి పాత రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంటుంది, అన్నీ అంకెలే. మా కాలువ నీళ్లు మిల్లర్టన్ జలాశయం నుంచి వస్తాయి. అది నిండితే 5.2 లక్షల ఎకర అడుగులు, అంటే 23 టీఎంసీలకు కాస్త తక్కువ. శ్రీశైలం ముందు చిన్న చెరువు. అది కట్టిన శాన్ వాకీన్ నదిలో ఏటా సగటున దానికి మూడింతల పైన నీరొస్తుంది. ఆ మిగతాది వేసవి దాకా ఎక్కువగా సియెర్రా కొండల మీద మంచుగానే ఉంటుంది. కొండల మీద పరుపుల్లాంటి మీటర్లు పెట్టి, మీద పడ్డ మంచు బరువు తూచి, కరిగితే ఎన్ని అంగుళాల నీరవుతుందో లెక్క చెబుతారు. మంచు ఎన్ని అడుగుల ఎత్తుందన్నది నాకు అనవసరం, అందులో నీరెంత అన్నదే కావాలి.

ఈ పేజీని నేను తప్పుగా చదివి దెబ్బతిన్నాను. 2021 డిసెంబరులో మంచు కుండపోతగా పడింది. ఏడాది చివరికి రాష్ట్రవ్యాప్తంగా సగటులో 160 శాతం అని చూసి వాట్సాప్ గ్రూపులన్నిటిలో స్క్రీన్‌షాట్లు పెట్టాను, బోరు మోటారు రిపేరు వాయిదా వేశాను. అది ఆ తేదీకి ఉండాల్సిన మంచుతో పోల్చిన శాతం. అప్పటికి సీజన్ సగం కూడా కాలేదు. జనవరి నుంచి మార్చి దాకా దాదాపు ఏమీ పడలేదు, ఏప్రిల్ 1కి 38 శాతం మిగిలింది. పక్కనే ఏప్రిల్ 1 సగటుతో పోల్చిన శాతం కూడా ఇస్తారు. ఇప్పుడు ముందు దాన్నే చూస్తాను. మోటారు చివరికి మే నెలలో, రెట్టింపు కూలి ఇచ్చి బాగు చేయించుకున్నా.

అంతకు ముందు సీజన్‌లో ఇంకో పాఠం. 2021 ఏప్రిల్ 1కి 59 శాతం మంచు ఉంది కాబట్టి ఏదో లాగించొచ్చు అనుకున్నాం. నేల ఎంత ఎండి ఉందంటే, వేడికి కరిగిన మంచులో చాలా భాగం అదే తాగేసింది. నదుల్లోకి రావాల్సిన నీటిలో లక్షల ఎకర అడుగులు రానే లేదు. మంచు అంకెతో పాటు నేల తేమ, ఏప్రిల్ ఎండ కూడా చూడాలని అప్పుడే తెలిసింది. నాలుగున్నర స్టార్లు. ఆ అర స్టారు కోసింది రూపానికే.

ఎండకు అమెరికా జాతీయ వాతావరణ విభాగంవాళ్ల హీట్‌రిస్క్. ఏడు రోజుల ముందుచూపు, ఆకుపచ్చ నుంచి మెజెంటా దాకా ఐదు రంగులు. రాత్రి చల్లబడుతుందా లేదా, ఆ కాలానికి ఆ ఊరికి ఆ ఎండ మామూలేనా అన్నవి కూడా లెక్కలోకి తీసుకుంటారు. 2022 సెప్టెంబరు 6న శాక్రమెంటోలో 116 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే దాదాపు 47 సెల్సియస్. ఆ వారం మాకు కోత. ఎరుపు రంగు కనబడగానే పనిని తెల్లవారుజాముకి మార్చేశాను, కూలీలెవరికీ ఏమీ కాలేదు. అయితే ఇది మనుషుల ఆరోగ్యం కోసం చేసింది, చెట్లకు కాదు. చెట్టు ఎంత నీరు తాగుతోందో తెలియాలంటే 1982 నుంచి నడుస్తున్న సిమిస్ (రాష్ట్రం పెట్టిన వాతావరణ కేంద్రాల నెట్‌వర్క్) చూడాలి. నా డ్రిప్ గంటలన్నీ దాని లెక్కే.

నాన్న ఇప్పటికీ ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ చేసి "ఈసారి మంచు ఎంతరా?" అని అడుగుతారు. 2023లో 237 శాతం అంటే నమ్మలేదు, స్క్రీన్‌షాట్ పంపమన్నారు. 2025ది 96 అన్నాను. "మోటారు చూసుకున్నావా?" అన్నారు.