శుక్రవారం వచ్చే క్యాలిబర్: ఒక్క డెవలపర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎలా ఉంటాయి

ఈ-పుస్తకాలను ఒకచోట భద్రపరచి, వాటి వివరాలను సరిదిద్ది, ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మార్చి, కిండిల్, కోబో వంటి ఈ-రీడర్లలోకి ఎక్కించే క్యాలిబర్ ప్రోగ్రామ్‌లో ఏయే సౌకర్యాలు ఉన్నాయో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ సమీక్షలో నేను పరిశీలిస్తున్నది వేరొక సంగతి. ప్రధానంగా ఒక్క వ్యక్తి భుజాల మీద నడుస్తున్న ఈ సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లుగా కొత్త వెర్షన్లను ఎలా విడుదల చేస్తోంది, ఆ వెర్షన్ మన కంప్యూటర్‌లోకి వచ్చేటప్పుడు మనకు ఏం చెబుతుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నదే నా విషయం. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు మనం సౌకర్యాల జాబితా చూస్తాం గానీ, దాని అప్‌డేట్లు ఎలా వస్తాయో వాకబు చేయం. ఏళ్ల తరబడి పుస్తకాలు దాచుకోవలసిన ప్రోగ్రామ్ విషయంలో ముందుగా తెలుసుకోవలసింది అదేనని నా అభిప్రాయం.

2006లో సోనీ సంస్థ పీఆర్‌ఎస్-500 అనే ఈ-ఇంక్ రీడర్‌ను అమెరికాలో అమ్మకానికి పెట్టినప్పుడు, దాన్ని లినక్స్ కంప్యూటర్‌తో కలిపి వాడుకునే వీలు లేదు. ఆ లోటు తీర్చడానికి ప్రోగ్రామర్ కోవిద్ గోయల్ అదే ఏడాది అక్టోబరు 31న మొదలుపెట్టిన చిన్న ప్రోగ్రామే ఇది. మొదట లిబ్‌పీఆర్‌ఎస్500 అన్న పేరుతో ఉండేది; 2008లో క్యాలిబర్‌గా మారింది. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తోంది. ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి అనుమతించే జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు కింద మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది. కోడ్‌ను, అనువాదాలను, ప్లగిన్లను (అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లను) అందించేవారు ఎందరో ఉన్నా, ఏది ఎప్పుడు విడుదల కావాలన్న నిర్ణయం ఆయనదే.

విడుదలల క్రమమే ఈ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. చాలా ఏళ్లపాటు దాదాపు ప్రతి శుక్రవారం కొత్త వెర్షన్ వచ్చేది. తరువాత అది శుక్రవారం విడిచి శుక్రవారంగా మారింది. ఎవరైనా లాంచ్‌ప్యాడ్ అనే లోపాల నమోదు వెబ్‌సైట్‌లో లోపాన్ని నమోదు చేస్తే, అది సరిచేసిన వెంటనే ఆ నివేదిక కింద ఒక సమాధానం చేరుతుంది: మార్పు ప్రధాన కోడ్‌లో కలిసిందని, తదుపరి వెర్షన్‌లో వస్తుందని, వెర్షన్లు సాధారణంగా శుక్రవారం విడిచి శుక్రవారం విడుదలవుతాయని దాని సారాంశం. పెద్ద సంస్థల సహాయ కేంద్రాలకు ఫిర్యాదు రాసి, టికెట్ నంబరు పుచ్చుకుని, ఆ తరువాత ఏమైందో తెలియక ఎదురుచూసిన వారికి ఈ రెండు మూడు వాక్యాల విలువ బాగా అర్థమవుతుంది. లోపం ఎప్పుడు పోతుందో వారం పేరుతో సహా తెలిసినప్పుడు, వాడేవారు తమ పనిని దానికి తగ్గట్టు సర్దుకోగలుగుతారు.

ప్రతి వెర్షన్‌తో పాటు వచ్చే మార్పుల జాబితా కూడా అంతే శ్రద్ధగా ఉంటుంది. తేదీ కింద కొత్త సౌకర్యాలు, సరిచేసిన లోపాలు, మెరుగుపరచిన వార్తా మూలాలు అని విభాగాలు ఉంటాయి. లోపాల విభాగంలో ప్రతి పంక్తీ అది ప్రోగ్రామ్‌లో ఏ భాగానికి సంబంధించినదో ముందే చెబుతుంది: ఈ-పుస్తక వ్యూయరా, పుస్తకాన్ని సవరించే ఎడిటరా, పీడీఎఫ్ మార్పిడా, ఫలానా కోబో పరికరపు డ్రైవరా అని. నమోదైన ఫిర్యాదు నుంచి వచ్చినదైతే పక్కనే దాని సంఖ్య ఉంటుంది. ఇంతకు ముందు సరిగా పనిచేసినది గత వెర్షన్ వల్ల చెడిపోయి ఉంటే, ఆ మాటను దాచకుండా రాస్తారు. ఫోన్‌లో వచ్చే అప్‌డేట్లలో చాలావాటికి ‘చిన్న లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరచాం’ అన్న ఒకే వాక్యం నెలల తరబడి కనిపిస్తుంది. దానితో పోల్చి చూస్తే, ఇక్కడ ఒక్కొక్క మార్పుకూ లెక్క చెప్పే పద్ధతి ఎంత గౌరవప్రదమైనదో తెలుస్తుంది.

ఇక అప్‌డేట్ మన దాకా వచ్చే తీరు. క్యాలిబర్ తనంతట తాను మారిపోదు. కొత్త వెర్షన్ ఉందని తెలిసినప్పుడు ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో వెర్షన్ సంఖ్య, మార్పుల జాబితాకు లింకు, డౌన్‌లోడ్ పేజీకి తీసుకువెళ్లే బటన్, ఇకముందు ఇలాంటి సూచనలు చూపాలా వద్దా అన్న చిన్న పెట్టె ఉంటాయి. బటన్ నొక్కితే బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ పేజీ వస్తుంది. విండోస్‌లో ఆ ఫైలు దించుకుని, క్యాలిబర్‌ను మూసి, ఇన్‌స్టాలర్‌ను నడిపితే పాత వెర్షన్ స్థానంలో కొత్తది కూర్చుంటుంది. ప్రోగ్రామ్ వేరు, పుస్తకాల ఫోల్డర్ వేరు, సెట్టింగుల ఫోల్డర్ వేరు కనుక ఇన్‌స్టాలేషన్ పుస్తకాల జోలికి పోదు. పైగా ప్రతి పుస్తకపు ఫోల్డర్‌లోనూ దాని వివరాలతో ఒక ఓపీఎఫ్ ఫైలు ఉంటుంది. ప్రధాన డేటాబేస్ ఎప్పుడైనా పాడైతే ఆ ఫైళ్ల నుంచి దాన్ని తిరిగి నిర్మించే సౌకర్యం ప్రోగ్రామ్‌లోనే ఉంది. కొత్త వెర్షన్ నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి పాత విడుదలలన్నీ డౌన్‌లోడ్‌కు అందుబాటులో ఉంచారు. ఇంతటి భరోసా ఇచ్చే ఏర్పాటు, ఖరీదైన సాఫ్ట్‌వేర్లలోనూ అరుదు.

అయితే మారిన భాగాన్ని మాత్రమే దించుకునే వీలు లేదు. ఒక్క లోపం సరిచేసినా మొత్తం ఇన్‌స్టాలర్‌ను మళ్లీ దించుకోవలసిందే. అది ఇప్పుడు రెండు వందల ఎంబీకి అటూ ఇటూగా ఉంటోంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి ఇది లెక్కలోకి రాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ నడుపుకుంటూ, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఆధారపడే విద్యార్థికి మాత్రం ఇది లెక్కే. అటువంటివారు సూచనల పెట్టెలో టిక్ తీసేసి, మార్పుల జాబితాను నెలకొకసారి చూసుకుని, తమకు సంబంధించిన మార్పు ఉన్నప్పుడే దించుకోవడం మేలు.

ఈ బరువును కొంతవరకు తగ్గించిన తెలివైన ఏర్పాటు ఒకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. క్యాలిబర్ వార్తాపత్రికల వెబ్‌సైట్ల నుంచి వ్యాసాలు సేకరించి ఈ-పుస్తకంగా కుట్టి ఇస్తుంది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క చిన్న స్క్రిప్టు ఉంటుంది. దాన్ని రెసిపీ అంటారు. తెలుగు దినపత్రికలకు కూడా రెసిపీలు ఉన్నాయి. పత్రికల వెబ్‌సైట్లు తమ అమరికను తరచూ మారుస్తుంటాయి కనుక రెసిపీలూ తరచూ చెడిపోతాయి. అలాంటి ప్రతిసారీ మొత్తం ప్రోగ్రామ్‌ను కొత్తగా వేసుకోమంటే ఎవరూ వాడరు. అందుకే వార్తలు సేకరించబోయే ముందు క్యాలిబర్ ఆ రెసిపీ తాజా ప్రతిని తన సర్వర్ నుంచి తెచ్చుకునే ప్రయత్నం చేస్తుంది. అంటే, త్వరగా మారే భాగం ప్రోగ్రామ్ వెర్షన్‌తో సంబంధం లేకుండా తాజా అవుతుంది. నిదానంగా మారే భాగం మన అనుమతితో మారుతుంది. ప్లగిన్లకూ విడిగా నవీకరించుకునే కిటికీ ప్రోగ్రామ్‌లోనే ఉంది. చిన్న డెవలపర్లు తమ సాఫ్ట్‌వేర్ విడుదల పద్ధతిని ఆలోచించుకునేటప్పుడు ఈ విభజనను తప్పక చూడాలని కోరుతున్నాను.

పెద్ద వెర్షన్ల సంగతి కాస్త భిన్నం. 2019 అక్టోబరులో వచ్చిన 4.0 పాత వ్యూయర్‌ను తొలగించి, క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియం ఆధారంగా పనిచేసే కొత్తదాన్ని తెచ్చింది. ఒత్తులు, వట్రసుడులు సక్రమంగా పడాలంటే అక్షరాలను అమర్చే ఇంజిన్ బలంగా ఉండాలి కనుక, తెలుగు పుస్తకాలు చదివేవారికి ఈ మార్పు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిందని నేను భావిస్తున్నాను. (అను ఫాంట్లతో తయారైన పాత పీడీఎఫ్‌లను ఈపబ్ అనే ఈ-పుస్తక ఫార్మాట్‌కు మార్చితే వచ్చే అర్థంకాని అక్షరాలకు మాత్రం ఏ అప్‌డేటూ మందు కాదు, ఆ పీడీఎఫ్‌లో యూనికోడ్ తెలుగు లేకపోవడమే అక్కడి చిక్కు.) 2020 సెప్టెంబరులో వచ్చిన 5.0 ప్రోగ్రామ్ మొత్తాన్ని, అది రాసిన పైథాన్ భాషలో రెండో వెర్షన్ (పైథాన్ 2) నుంచి పైథాన్ 3కు మార్చింది. పైథాన్ 2కు అధికారిక మద్దతు ఆ ఏడాది జనవరి 1తోనే ముగిసింది కనుక ఆ మార్పు తప్పనిసరి. కానీ కొత్త పైథాన్‌కు అనుగుణంగా తిరగరాయని ప్లగిన్లు పనిచేయడం మానేశాయి. వెనువెంటనే 5.0.1 కూడా రావలసి వచ్చింది. 2022 జూలైలో 6.0 పుస్తకాల లోపలి పాఠమంతా వెతికే సౌకర్యాన్ని తెచ్చింది. అదే సమయంలో 32-బిట్ విండోస్‌కూ విండోస్ 7, 8లకూ మద్దతు ముగిసింది. ఆ యంత్రాలున్నవారికి 5.44 చివరి వెర్షన్, అది ఇప్పటికీ దించుకోవచ్చు. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న చిన్న గ్రంథాలయాలకు ఇది ముఖ్యమైన సమాచారం. నా సలహా ఏమిటంటే, 5.0, 6.0 లాంటి పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు కనీసం తరువాతి శుక్రవారపు విడుదల వరకైనా ఆగాలి; ముఖ్యమైన ప్లగిన్లు వాడేవారు ఆ ప్లగిన్ కొత్త వెర్షన్‌తో నడుస్తుందో లేదో చూసుకున్నాకే మారాలి.

విడుదలలన్నీ ఒకే దారిలో రావడం వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. కొత్త సౌకర్యాలు వద్దు, లోపాల సవరణలు మాత్రం కావాలి అనుకునేవారికి ఇక్కడ వేరే దారి లేదు. 2025లో కృత్రిమ మేధతో పుస్తకం గురించి సంభాషించే సౌకర్యం చేరింది. మనం ఏదో ఒక సేవను ఎంచుకుని అమర్చుకుంటే తప్ప అది పనిచేయదు కనుక దానివల్ల నష్టమేమీ లేదన్నది నా అభిప్రాయం; అయినా, అది వద్దనుకునేవారు సైతం లోపాల సవరణల కోసం ఆ వెర్షన్‌నే తీసుకోవాలి. ఒక్క డెవలపర్ రెండు వరుసలను సమాంతరంగా నడపడం ఎంత కష్టమో ఊహించగలను, అందుకే దీన్ని పెద్ద తప్పుగా లెక్కించడం లేదు. లినక్స్ వాడేవారికి మరో మాట: డిస్ట్రిబ్యూషన్ (డెబియన్ లాంటి, లినక్స్‌ను సిద్ధం చేసి అందించే కూర్పు) ఇచ్చే ప్యాకేజీ చాలా వెనుకబడి ఉంటుంది, ఉదాహరణకు 2023లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 6.13. డెవలపరే తన సొంత ఇన్‌స్టాలర్‌ను వాడమంటారు. దించుకున్న ఫైలు అసలుదేనని నిర్ధారించుకోవడానికి డిజిటల్ సంతకాలు కూడా ఇస్తారు.

కొత్త వెర్షన్ ఉందో లేదో చూసే ప్రతిసారీ ప్రోగ్రామ్ తన వెర్షన్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఆ ఇన్‌స్టాలేషన్‌కు కేటాయించిన ఒక గుర్తింపు సంఖ్యను పంపుతుంది. ఎంతమంది వాడుతున్నారో లెక్కించడానికి అది ఉపయోగపడుతుంది. మన పేరుగానీ పుస్తకాల జాబితాగానీ అందులో ఉండవు. అయినా, మార్పుల జాబితాలో అంత వివరంగా మాట్లాడే ప్రోగ్రామ్, ఈ సంగతిని సూచన కిటికీలోనే ఒక వాక్యంలో చెబితే బాగుండేది.

ధర గురించి చెప్పవలసినది తక్కువ. ఉచితం, ప్రకటనలు లేవు, డబ్బు కట్టినవారికి వేరే వెర్షన్ అంటూ లేదు. విరాళం ఇవ్వదలచినవారికి టూల్‌బార్‌లో హృదయం గుర్తుతో ఒక బటన్ ఉంది. క్రమం తప్పకుండా వాడేవారు ఏటా ఎంతో కొంత పంపాలని నేను గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే పైన చెప్పిన శుక్రవారాలన్నీ ఎవరో ఒకరు కూర్చుని పనిచేస్తేనే వస్తున్నాయి.

నాకున్న అసలైన అసంతృప్తి భద్రతకు సంబంధించినది. క్యాలిబర్‌లో కంటెంట్ సర్వర్ అనే సౌకర్యం ఉంది. దాన్ని మనం ప్రారంభిస్తే ఇంట్లోని ఫోన్ల నుంచి, ట్యాబ్‌ల నుంచి కంప్యూటర్‌లోని పుస్తకాలు చదువుకోవచ్చు. 6.9 నుంచి 7.14 వరకు ఉన్న వెర్షన్లలో ఈ సర్వర్‌లో ఒక తీవ్రమైన లోపం ఉందని 2024లో బయటపడింది. పాస్‌వర్డ్ పెట్టకుండా సర్వర్‌ను తెరిచి ఉంచితే, నెట్‌వర్క్‌లో దాన్ని చేరుకోగలిగిన వ్యక్తి ఆ కంప్యూటర్‌లో తనకు కావలసిన ఆదేశాలు నడిపించగలిగేవాడు. తీవ్రత కొలమానంలో దానికి పదికి 9.8 వచ్చింది. సవరణతో కొత్త వెర్షన్ వచ్చింది, సందేహం లేదు. అయితే తనంతట తాను మారని ప్రోగ్రామ్‌లో, సూచనలను ఆపివేసుకున్నవారికి ఆ సంగతి చేరే దారి ఏది? సూచనలు చూస్తున్నవారికి సైతం ఆ వారం కనిపించేది ఎప్పటిలాంటి కిటికీయే. పత్రిక రెసిపీ మెరుగుపడిన వారానికీ, కంప్యూటర్‌కు ప్రమాదం తప్పించుకోవలసిన వారానికీ తేడా చూపని సూచన అది.

కంటెంట్ సర్వర్ వాడేవారు దానికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ తప్పక అమర్చుకోవాలి, ఇంటి నెట్‌వర్క్ దాటి బయటికి తెరవకూడదు, 7.14 లేదా అంతకంటే పాత వెర్షన్ ఇంకా వాడుతుంటే ముందు సర్వర్‌ను ఆపివేసి ఆ తరువాత అప్‌డేట్ చేసుకోవాలి. డెవలపర్‌కు నా విన్నపం ఒక్కటే: భద్రతకు సంబంధించిన విడుదల వచ్చినప్పుడు ఆ చిన్న కిటికీలో వేరే రంగులో ఒక్క వాక్యం చేర్చాలి, మామూలు సూచనలు వద్దన్నవారికి కూడా అది కనిపించాలి.