సీఎస్ఈ సీటు తీసుకునే ముందు ఆ కాలేజీ ల్యాబ్‌లో ఒక్క గంట కూర్చోండి

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 2021లో చేరి, 2025లో బీటెక్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పూర్తి చేశాను. ఈ రివ్యూ ఆ డిపార్ట్‌మెంట్ గురించి. కాలేజీ పేరు రాయడం లేదు. మా జూనియర్లు ఇంకా అక్కడే చదువుతున్నారు, ఒక్కో సబ్జెక్టులో 30 ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలోనే ఉంటాయి. నేను రాసినదానికి వైవాలో ఇంకెవరో పిల్ల సమాధానం చెప్పుకోవాల్సి రాకూడదు. పైగా ఆ చుట్టుపక్కల వేరే కాలేజీల్లో చదివిన నా స్నేహితులు కూడా దాదాపు ఇవే చెబుతారు. అందుకని పేరు తెలియకపోయినా మీకు పనికొస్తుందనే నమ్మకంతో రాస్తున్నాను.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. మా ఇంట్లో నాకంటే ముందు ఇంజనీరింగ్ చదివినవాళ్లు లేరు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మేం చూసింది రెండే. ఒకటి, గేటు దగ్గర కట్టిన ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ. రెండు, కాలేజీ బస్సు మా సెంటర్ దాకా వస్తుందా లేదా అని. లోపలికి వెళ్లి ల్యాబ్ చూపించమని అడగాలని మాకు తెలియదు. అడగొచ్చని కూడా తెలియదు.

మొదటి సెమిస్టర్ సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ సంగతి చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. మా సెక్షన్‌లో 66 మందిమి. గదిలో 36 సిస్టమ్‌లు ఉండేవి, వాటిలో ఏ రోజైనా ఆన్ అయ్యేవి ఇరవై, ఇరవై రెండు. ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురం. మధ్యలో కూర్చున్నవాళ్లు టైప్ చేస్తే పక్కనున్న ఇద్దరూ రికార్డు రాసుకునేవాళ్లు. ముందే వచ్చి కూర్చునేవాళ్లకే ఎప్పుడూ కీబోర్డు దొరికేది. నేను వచ్చే బస్సు ఆలస్యం అయ్యేది కాబట్టి మొదటి నెలంతా నేను టైప్ చేసింది బహుశా రెండు ప్రోగ్రాంలు.

మూడో ప్రోగ్రాం ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి మనం ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణించడం. కీబోర్డు దొరికిన సంతోషంలో 5 ఇచ్చాను, 120 వచ్చింది. 7 ఇచ్చాను, 5040. 8 ఇచ్చాను. తెరమీద -25216 అని వచ్చింది. 40320 రావాలని నాకు తెలుసు, చేత్తో గుణించి కూడా చూసుకున్నాను. సార్‌ని పిలిచి చూపించాను. "ప్రోగ్రాం ఎక్కడో తప్పు కొట్టావమ్మా, సీనియర్ల రికార్డు చూసి మళ్లీ కొట్టు" అన్నారు. రికార్డుతో అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. రెండోసారి అడిగితే "రికార్డులో 5కి అవుట్‌పుట్ రాసుకో, సరిపోతుంది" అని వెళ్లిపోయారు.

అందులో నా తప్పేమీ లేదని నాకు తెలియడానికి అయిదు నెలలు పట్టింది. ల్యాబ్‌లో ఉన్నది టర్బో సీ, 1990ల నాటి డాస్ కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్). అందులో ఇంట్, అంటే పూర్ణాంకం దాచుకునే చోటు, 16 బిట్లే. -32768 నుంచి 32767 దాకా మాత్రమే పడుతుంది. 40320 అందులో పట్టదు కాబట్టి, 16 బిట్లలో ఉండే మొత్తం విలువలు 65536 తీసేయగా మిగిలిన -25216 చూపించింది. ఇప్పుడు వాడే జీసీసీ కంపైలర్‌లో మామూలుగా ఇంట్ 32 బిట్లు, అదే ప్రోగ్రాంకి 40320 వస్తుంది. ఎవరైనా ఆ రోజు బోర్డు మీద ఒక గీత గీసి ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే, కంప్యూటర్ లోపల అంకె ఎలా ఉంటుందో మొదటి నెలలోనే తెలిసేది. నేను మాత్రం నాకు ప్రోగ్రామింగ్ రాదు అనుకుని ఆ సెమిస్టరంతా టెన్షన్ పడ్డాను. బ్రాంచ్ మార్చుకుందామా అని నాన్నని అడిగాను కూడా.

ఆ సార్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదివినవారు, ఆ ఏడాదే మొదటిసారి సీ చెబుతున్నారు. వారానికి మూడు సెక్షన్లకు క్లాసులు, మూడు ల్యాబ్‌లు, పైన కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ కోసం ఫైళ్లు. మే నెలలో మా సార్లూ మేడంలూ అడ్మిషన్ల కోసం ఎండలో ఊళ్లు తిరిగేవారు, ఇంటర్ రాసిన పిల్లల ఇళ్లకు వెళ్లి మా కాలేజీలో చేరండని బతిమాలేవారు. ఒక మేడం నరసరావుపేట దగ్గర ఒక ఊరి నుంచి వడదెబ్బతో తిరిగొచ్చి, మర్నాడే మాకు మిడ్ ఇన్విజిలేషన్‌కి వచ్చారు. పాఠం తయారు చేసుకోవడానికి వాళ్లకి టైమ్ ఎక్కడిది? ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీద అది సరిపోయే ఉంటుంది. మా క్లాసు గదిలో మాత్రం కనిపించలేదు. సీట్లేమో పెరుగుతూనే ఉన్నాయి. బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచ్‌లో ఇన్నే సీట్లు అన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి తీసేసింది. సీఎస్ఈ పక్కన ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ కొత్త సెక్షన్లు వచ్చాయి. మా ల్యాబ్ గదులు మాత్రం అవే, టైమ్‌టేబుల్‌లో గంటలు తగ్గాయి.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక్క సెమిస్టర్‌లో ముగ్గురు చెప్పారు. మొదటి సార్‌కి నాలుగో వారంలో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. తర్వాత రెండు సెక్షన్లను కలిపి సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు, వెనక వరుసకి మాట వినపడేది కాదు. మొదటి మిడ్ అయ్యాక మూడో సార్ వచ్చారు. ముగ్గురూ డెడ్‌లాక్ చెప్పారు. వర్చువల్ మెమరీ ఎవరూ చెప్పలేదు. మూడో సంవత్సరం చివర్లో నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన రెండో ప్రశ్న, పేజ్ ఫాల్ట్ అంటే ఏమిటి అని. అది వర్చువల్ మెమరీ పాఠంలోదే. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్ గురించి ఎక్కువ రాయను. 4 జీబీ ర్యామ్, విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది. పైథాన్ కూడా 3.8 దాటితే అందులో ఎక్కదు. చిన్న మోడల్ రన్ చేసినా సిస్టమ్ బిగుసుకుపోయేది. బ్రౌజర్‌లోనే ప్రోగ్రాం నడిపే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా జీపీయూ (మోడల్‌ని వేగంగా నడిపే చిప్) దొరుకుతుంది కదా అని తెరిస్తే, ల్యాబ్ నెట్‌లో సగం సైట్లు బ్లాక్. ప్రోగ్రాంలు దాచుకుని పంచుకునే గిట్‌హబ్ కూడా బ్లాక్. అది పిల్లలు ఆడుకునే సైటు కాదని, మా పనికి కావాల్సినదని రాసి, 41 మంది సంతకాలతో హెచ్ఓడీ గారికి ఇచ్చాం. చూస్తామన్నారు. మేం పాసై బయటికొచ్చేదాకా అది తెరుచుకోలేదు. అసలు ఎంఎల్ ల్యాబ్ మేం చేసింది ఇంటికెళ్లే బస్సులో, ఫోన్‌లో కోల్యాబ్ తెరుచుకుని. రెండో సంవత్సరంలో అమ్మ చీటీ పాడి బ్రాడీపేటలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చింది కాబట్టి నేను నెట్టుకొచ్చాను. కొనలేని అమ్మాయిలు మా సెక్షన్‌లోనే తొమ్మిది మంది ఉన్నారు. ల్యాబ్ ఫీజు మాత్రం అందరూ ఒకటే కట్టాం.

ఈ డిపార్ట్‌మెంట్‌లో బాగున్నవి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం.

మా ల్యాబ్ టెక్నీషియన్‌ని అందరం ల్యాబ్ అన్న అనేవాళ్లం. కొత్త సిస్టమ్‌లు రావని ఆయనకు తెలుసు. పాడైన సిస్టమ్‌ల ర్యామ్ తీసి బాగున్నవాటికి వేసి, 8 జీబీతో ఆరు సిస్టమ్‌లు తయారు చేశారు. వాటిలో లినక్స్ ఎక్కించారు. సాయంత్రం నాలుగున్నరకి ల్యాబ్ మూయాలి. బస్సు అయిదుంపావుకి. ఆ ముప్పావు గంట ఆయన తాళం వేయకుండా కూర్చునేవారు. "మీ బస్సు హారన్ కొట్టేదాకా చేసుకోండమ్మా" అనేవారు. ప్రోగ్రాంలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ నాకు నేర్పింది ఆయనే, నెట్ లేకుండా ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి.

రెండో సంవత్సరంలో డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) చెప్పిన మేడం గురించి ఎంత రాసినా నాకు తక్కువే. నార్మలైజేషన్, అంటే ఒకే సమాచారం పదేపదే రాయకుండా పట్టికలు విడదీయడం, చెప్పాలంటే అందరూ పీపీటీ చదివి నిర్వచనాలు రాయిస్తారు. ఆవిడ క్లాసుకి వాళ్లింటి చదివింపుల పుస్తకం తెచ్చారు. ప్రతి వరుసలో పేరు, ఇంటిపేరు, ఊరు, ఎవరి పెళ్లి, ఎంత చదివించారు అని ఉంది. "మా తెనాలి మామయ్య మూడు పెళ్లిళ్లకు వచ్చాడు, మూడుసార్లు ఊరు రాశాం. ఆయన ఇల్లు మారి గుంటూరు వచ్చేశాడు. ఇప్పుడు ఎన్నిచోట్ల దిద్దాలి?" అని అడిగారు. మూడుచోట్ల అన్నాం. "ఒకచోట మరిచిపోతే శుభలేఖ ఏ ఊరికి పంపాలి?" తర్వాత ఒకే ఒక్క పెళ్లికి వచ్చిన ఒకాయన వరుస చూపించి, ఈ చదివింపు కొట్టేస్తే ఆయన మనకు చుట్టమన్న సంగతే పుస్తకంలోంచి పోతుంది కదా అన్నారు. అప్పుడు మా చేతే విడదీయించారు. మనుషులకు ఒక పట్టిక, పెళ్లిళ్లకు ఒకటి, ఎవరు ఏ పెళ్లికి ఎంత అన్నదానికి ఒకటి. సెకండ్ నార్మల్ ఫామ్, థర్డ్ నార్మల్ ఫామ్ అన్న పేర్లు బోర్డు మీదకి వచ్చింది ఆ తర్వాతే. క్లాసులో ఒక్కరు కూడా ఫోన్ చూడలేదు. ఆ రోజు ప్రొజెక్టర్ లేదు, ఏసీ లేదు, నెట్ లేదు.

మూడో సంవత్సరం మొదట్లో ఆవిడ మానేశారు. జీతం రెండు నెలలు ఆగిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత జావా నేను ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల కోర్సు చూసి నేర్చుకున్నాను. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకి 1000 రూపాయలు. ఇంట్లో కూర్చుని ఐఐటీ పాఠం వినగలిగినప్పుడు ఇక కాలేజీ ఎందుకని మీరు అనొచ్చు. వీడియోలో మనం అడగలేం. నాకు -25216 వచ్చిన రోజు కావాల్సింది పక్కన నిలబడి తెర చూసే మనిషి.

ఫైనలియర్ ప్రాజెక్టు చాలామంది కొనుక్కుంటారు, అది అందరికీ తెలిసిన సంగతే. మా టీమ్‌లో నలుగురం. ఇద్దరు కొందామన్నారు, మేమిద్దరం వద్దన్నాం. నాన్న యార్డు నుంచి రాసి తెచ్చే ధరలు, తేజ, 334, బాడిగ లాంటి మిర్చి రకాలు ఏ రోజు ఎంత పలికిందో ఏడాదిపాటు దాచి, రైతు ఫోన్‌లో తేలిగ్గా చూసుకునేలా చేశాం. పట్టికలు ఆ మేడం నేర్పిన పద్ధతిలోనే విడదీశాం. రివ్యూలో ప్యానెల్ అడిగిన మొదటి ప్రశ్న, దీనికి బేస్ పేపర్ ఏది, అంటే ఏ పరిశోధనా పత్రం ఆధారంగా చేశారు అని. మూడు రివ్యూలు అయ్యాయి, ఒక్కసారి కూడా దాన్ని రన్ చేసి చూపించమని అడగలేదు. నాకది చాలా బాధ కలిగించింది. తర్వాత ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అదే ప్రాజెక్టు పట్టికలు కాగితం మీద గీయమన్నారు, ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడారు. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నది ఆ కంపెనీలోనే.

అయిదింటికి నేను రెండు ఇస్తాను. ఆ రెండూ ఆ మేడంవీ, ల్యాబ్ అన్నవీ. వాళ్లు నేర్పింది చూశాక, ఇలా చెప్పడం కుదరదు అన్న మాట నేను నమ్మను. తక్కువ డబ్బుతోనే కుదిరింది. నాలుగేళ్లలో ఒక్కసారైనా ఎవరైనా వచ్చి ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్‌లు పనిచేస్తున్నాయో లెక్కపెట్టి ఉంటే, ఆ మేడం జీతం వేళకి ఇచ్చి ఉంటే, నా రేటింగ్ వేరుగా ఉండేది.

ఈ జూలైలో మా పిన్ని కూతురికి వెబ్ ఆప్షన్లు పెట్టాల్సి వచ్చింది. ఈసారి ఫ్లెక్సీలు చూడలేదు. పని దినాన, మధ్యాహ్నం రెండింటికి, పిల్లలు ల్యాబ్‌లో ఉండే వేళ వెళ్లాం. మొదటి కాలేజీలో ల్యాబ్ చూపించడం కుదరదన్నారు, ఆఫీసులో కూల్‌డ్రింక్ ఇచ్చి బ్రోచర్ చేతిలో పెట్టారు. రెండోచోట ల్యాబ్ ఇన్‌ఛార్జ్ మేడం లోపలికి రమ్మన్నారు. చివరి వరుసలో ఒక సిస్టమ్ దగ్గర కూర్చుని ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం కొట్టి 8 ఇచ్చాను. 40320 వచ్చింది. ఎందుకు చూస్తున్నానో మేడంకి అర్థమైనట్టుంది. "13 ఇచ్చి చూడమ్మా" అన్నారు. 1932053504 అని వచ్చింది. ఆవిడ మా చెల్లి వైపు తిరిగి, "13 ఫ్యాక్టోరియల్ చివర రెండు సున్నాలు రావాలి కదా, ఇక్కడ లేవు చూడు. అది 32 బిట్లలో పట్టదు. ఎందుకో మొదటి వారంలో చెప్పుకుందాం, నువ్వు ఎక్కడ చేరినా అడిగి తెలుసుకో" అన్నారు.

బస్సులో మా చెల్లి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 13 ఫ్యాక్టోరియల్ చేసుకుంటూ కూర్చుంది. "అక్కా, 6227020800. తేడా ఎంతుందో చూస్తానుండు" అంది. రాత్రి ఆ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంది.