ఆపి కొట్టడమా, ఆపుతూనే పొడవడమా: కత్తిసాములో ఏది మేలు?

పాత యూరప్ కత్తిసామును ఇప్పుడు సాధన చేసేవాళ్ల మధ్య తెగని వాదం ఒకటుంది. ఎదుటివాడి కత్తి మీదికొస్తుంటే ముందు దాన్ని అడ్డుకుని, ఆ తర్వాత కొట్టాలా? లేక అడ్డుకోవడం, పొడవడం ఒకే కదలికలో అయిపోవాలా?

ఒకే కదలిక వైపు గట్టిగా నిలబడ్డవాడు ఇటలీలోని పాదువాకు చెందిన కత్తిసాము గురువు సాల్వతోర్ ఫాబ్రిస్. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ అండతో 1606లో కోపెన్‌హాగన్‌లో తన గ్రంథం అచ్చువేయించాడు. అతని వాదనలో పస ఉంది. ముందు అడ్డుకుందామని చూసేవాణ్ని మోసం చేయడం తేలిక. ఒక వైపు పొడిచినట్టు నటిస్తే వాడి కత్తి అటు పోతుంది. మనం మొనను కింద నుంచి తిప్పి రెండో వైపు పొడిచేయొచ్చు. పైగా అప్పటి ఆయుధం రేపియర్, అంటే ముఖ్యంగా పొడవడానికి వాడే సన్నని పొడవాటి కత్తి: మీటరు దాకా బ్లేడు, కిలో పైచిలుకు బరువు. దాన్ని పక్కకు కొట్టి, మళ్లీ మధ్యకు తెచ్చి పొడిచేలోగా ఎదుటివాడు సర్దుకుంటాడు.

అందుకే ఆ పద్ధతిలో కత్తిని పక్కకు కొట్టరు. మన బ్లేడులో పిడి దగ్గరి గట్టి భాగంతో వాడి బ్లేడు చివరి భాగాన్ని తాకి, ఆ తాకిడి వదలకుండా ముందుకు సాగుతారు. వాడి మొన మన ఒంటి పక్క నుంచి పోతుంది, మనది వాడి ఒంట్లో దిగుతుంది. చూడ్డానికి మహా అందం. కానీ రెండంగుళాలు తేడా వచ్చిందంటే ఇద్దరికీ పోటు పడుతుంది. పోటు తగిలినవాడు వెంటనే కూలిపోతాడన్న గ్యారంటీ కూడా లేదు.

లండన్‌లో జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషు కత్తియోధుడు 1599లోనే ఈ విషయం మీద విరుచుకుపడ్డాడు. రేపియర్ పట్టినవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని ఇద్దరూ పోతున్నారని అతని ఫిర్యాదు. తను, తన తమ్ముడు టోబీ కలిసి ఇటాలియన్ గురువులు సవియోలో, జెరోనిమోలను ఎత్తైన వేదిక మీద పోరుకు పిలిచామనీ, వాళ్లు రాలేదనీ రాసుకున్నాడు. అతిగా వెనక్కి తగ్గేవాడు కింద పడి మెడ విరగ్గొట్టుకునేలా ఆ వేదికట! మనిషి కాస్త దురుసే. అయినా అతని లెక్క మాత్రం నాకు నచ్చుతుంది. కాలి కన్నా చెయ్యి వేగం. కాబట్టి ఎదుటివాడు అడుగు వేస్తే తప్ప అందనంత దూరంలో నిలబడాలి. వాడు అడుగు వేసేలోపు మన చేతికి అడ్డుకునే టైమ్ దొరుకుతుంది. అడ్డుకుని, కొట్టి, వెంటనే వెనక్కి దూకాలి.

రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తి, లాంగ్‌స్వోర్డ్ వాడే జర్మన్లది మధ్యేమార్గం. పైనుంచి వేటు వస్తే తామూ పైనుంచే వేటు వేసి కత్తులు కలిపేస్తారు. కలిసిన చోట ఎదుటివాడు బ్లేడును గట్టిగా నెట్టకపోతే మొనను నేరుగా మొహానికి పంపుతారు. గట్టిగా నెడుతుంటే అక్కడ పొడవరు, వేరే దారి చూస్తారు.

నన్నడిగితే, వేటుకు ఆపి కొట్టడమే మేలు. ఊపుతో వచ్చే కత్తి ముందు రెండంగుళాల లెక్కలు నిలవవు. పోటుకైతే, అదీ కత్తులు అప్పటికే తాకి ఉంటేనే, ఒకే కదలిక. తాకిడి లేకుండా కంటితో అంచనా వేసి పొడవడం జూదం. ఆయుధం తేలికయ్యేకొద్దీ ఆపి కొట్టే పద్ధతికే బలం పెరుగుతుంది. 18వ శతాబ్దపు స్మాల్‌స్వోర్డ్ అనే పొట్టి, తేలికపాటి పోటు కత్తి బరువు అరకిలో అటూఇటూ. దానితో అడ్డుకుని తిరిగి పొడవడం ఎంత చురుగ్గా సాగుతుందంటే, రేపియర్ మీద ఫాబ్రిస్ చెప్పిన అభ్యంతరం చాలావరకు వీగిపోతుంది.

ఒక చిక్కు మాత్రం నేటిది. మాస్కు, దళసరి జాకెట్ ఉంటే అందరికీ ఒకే కదలిక మీద మోజు పుడుతుంది, ఎందుకంటే తిరిగి తగిలినా పెద్దగా నొప్పి ఉండదు. అందుకే సాధనలో, మీ దెబ్బ తగిలాక కూడా ఎదుటివాడికి ఇంకో దెబ్బ వేసే అవకాశం ఇవ్వండి. అది మీకు తగిలితే మీ పాయింట్‌ను లెక్కలోంచి తీసేయండి.