19 లీటర్ల బర్బన్ పీపా: రెండేళ్ల వాడకం, ఐదు వాయిలు

ఇంట్లో చేసిన బీరు మాగబెట్టడానికి కొన్నది 5 గ్యాలన్ల పీపా, అంటే 19 లీటర్లు పడుతుంది. అమెరికన్ వైట్ ఓక్ చెక్క, లోపల బొగ్గయ్యేలా కాల్చినది, ఒక చిన్న డిస్టిలరీ బర్బన్ (అమెరికన్ విస్కీ) తీసేశాక అమ్మినది. బర్బన్‌ను కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని అమెరికాలో చట్టం. అందుకే ఒకసారి వాడినవి ఇలా ఇంట్లో బీరు చేసుకునేవాళ్ల చేతికి వస్తుంటాయి. ఇప్పటిదాకా దీంట్లో రెండు ఇంపీరియల్ స్టౌట్‌లు (నల్లటి ఘాటు బీరు), ఒక బార్లీవైన్, ఒక ఓల్డ్ ఏల్ (ఇవీ ఘాటు బీర్లే), ఒక ఫ్లాండర్స్ రెడ్ (బెల్జియం తరహా పుల్ల బీరు) మాగాయి.

ముందే చెప్పేస్తాను. బర్బన్ రుచి ఒక్కటే కావాలంటే ఈ పీపా దండగ. 60 గ్రాముల ఓక్ ముక్కల్ని బర్బన్‌లో రెండు వారాలు నానేసి 19 లీటర్ల స్టౌట్‌లో వేస్తే మొదటి వాయి రుచికి చాలా దగ్గరకు వస్తుంది, డబ్బు బోలెడు మిగులుతుంది. పీపా విలువ తెలిసేది మూడో వాయి నుంచి. అక్కడిదాకా దాన్ని ఎండిపోకుండా, పుల్లబడకుండా నెట్టుకురావడమే అసలు పని.

డిస్టిలరీల్లో మామూలుగా వాడేది 53 గ్యాలన్ల పీపా, 200 లీటర్లు. దాంతో పోలిస్తే ఇందులో ఒక్కో లీటరు బీరుకు తగిలే చెక్క రెండు రెట్లకు పైనే. పైగా పలకలు పలచన. చెక్క రుచి ఎంత తొందరగా దిగుతుందో గాలి కూడా అంత తొందరగా లోపలికి చేరుతుంది. చెక్క రుచి వాయి వాయికీ తగ్గుతూ పోతుంది గానీ, గాలి మాత్రం తగ్గదు. దీంతో పడే తిప్పలన్నిటికీ మూలం ఇదే.

మొదటి స్టౌట్ గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత) 1.100 దగ్గర మొదలై 1.028 దగ్గర ఆగింది, అంటే సుమారు 9.5 శాతం ఆల్కహాల్. మూడో వారానికి వెనిలా, కొబ్బరి వాసన స్పష్టంగా వచ్చాయి. ఐదో వారంలో తీసెయ్యాల్సింది, ఆరో వారం దాకా ఉంచాను. ఆ ఒక్క వారానికే పచ్చి వక్క నమిలినట్టు నాలుక మీద వగరు పట్టుకుంది. సీసాల్లో ఎనిమిది నెలలున్నాక గానీ అది అణగలేదు. కార్బైడ్ వేసి మగ్గేసిన మామిడిపండు సంగతే ఇది: రంగు వచ్చేస్తుంది, తీపి రాదు. చెక్క రుచి ఎక్కేసింది, బీరు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. రెండో స్టౌట్‌ను ముందు మూడు నెలలు గాజు జాడీలో మాగనిచ్చి, తర్వాత తొమ్మిది వారాలు పీపాలో పెట్టాను. తేడా మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. మూడోది బార్లీవైన్, నాలుగు నెలలు. చెక్క వెనక్కి తగ్గి, ఎండు ద్రాక్ష, ఖర్జూరం రుచులు ముందుకొచ్చాయి. పీపా కొన్న డబ్బు గిట్టింది ఈ వాయితోనే.

పీపా వచ్చినప్పుడు లోపల ఇంకా తడిగా, విస్కీ వాసన ఘాటుగా ఉంటే కడగొద్దు, ఆ వారంలోనే నింపేయండి. ఎండిపోయి వస్తే పలకలు విచ్చుకుని ఉంటాయి. నాలుగు లీటర్ల 80 డిగ్రీల నీళ్లు పోసి, బిరడా వదులుగా పెట్టి, ఆవిరి పోయాక బిగించి దొర్లించండి. తర్వాత ఒక వైపు మూత మీద గంట, రెండో వైపు మూత మీద గంట నిలబెట్టండి. అప్పటికీ కారుతుంటే చన్నీళ్లతో నిండా నింపి ఒక రోజు ఉంచాలి. రెండు రోజులు దాటనివ్వొద్దు, బూజు వాసన పడుతుంది. ఇనుప పట్టీలు వదులైతే సుత్తితో పీపా పొట్ట వైపుకు, చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా కొట్టాలి. ఒక్కచోటే బాదితే పట్టీ పక్కకు లేస్తుంది. పలకల మధ్య సన్నటి చెమ్మకు కంగారు పడక్కర్లేదు, బీరులోని చక్కెర గడ్డకట్టి అదే మూసుకుంటుంది. సూది బెజ్జంలోంచి కారితే పళ్లు కుట్టుకునే పుల్లను కొట్టి, పైన తెగ్గోస్తే సరి.

ఒక్కో వాయికి 23 లీటర్లు చేసుకోవాలి. 19 పీపాకు, మిగతాది చిన్న సీసాల్లో నిండా పోసి దాచుకుంటే, చెక్కలోంచి ఆవిరై తరిగినదానికి బదులు పోసుకోవచ్చు. శీతాకాలం హీటర్ తిరుగుతుంటే బేస్‌మెంట్ గాలి ఎండిపోయి, నెలకు పావు లీటరుకు పైగా తరిగేది. నింపేముందు పీపాలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలి, సైఫన్ గొట్టం అడుగుదాకా దించాలి. మొదటి రెండు వారాలు ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వనిది) పెట్టి, ఆ తర్వాతే సిలికాన్ బిరడా బిగించండి. బీరులో మిగిలిన గ్యాసు బిరడాను ఎగరగొట్టగలదు.

రుచి చూడ్డానికి బిరడా తీయొద్దు. రష్యన్ రివర్ బ్రూవరీ విన్నీ సిలుర్జో పేరుతో ప్రచారమైన మేకు పద్ధతి దీనికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మూత పలక మధ్యకు కాస్త కింద 7/64 అంగుళాల బిట్‌తో బెజ్జం చేసి, స్టెయిన్‌లెస్ స్టీలు మేకు కొట్టాలి. మేకు లాగితే సన్నటి ధార గ్లాసులోకి పడుతుంది, చాలనుకోగానే మళ్లీ దిగ్గొట్టడమే. మామూలు ఇనుప మేకు మాత్రం వద్దు. ఓక్‌లోని వగరుకు ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరిన నీళ్లు తగిలితే నలుపు వచ్చేది ఈ గుణంతోనే. గుడ్డకు అందం, బీరుకు చేటు.

నాలుగో వాయి పాడైంది నా చేతిలోనే. ఓల్డ్ ఏల్‌ను ఆరు నెలలు ఉంచాను. మేకు బెజ్జం దగ్గర కారుతోందని దాన్ని మూసేసి, వారానికోసారి బిరడా తీసి రుచి చూశాను. పైన ఖాళీ పెరుగుతున్నా సరిగ్గా నింపలేదు. నాలుగో నెలలో పుల్లటి పోటు, ఆరో నెలకు గోళ్లరంగు చెరిపే ద్రవం వాసన. గాలి దొరికితే అసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది, దాంతోపాటు ఇథైల్ అసిటేట్ కూడా పుడుతుంది, ఈ వాసన దానిదే. కొత్త బీరులో కలిపి చూశాను, పాలలో నిమ్మరసం పిండినట్టయింది. మొత్తం పారబోశాను.

ఆ తర్వాత పీపా పలకలకు బయటివైపు మూడింట రెండు వంతులు పారఫిన్ మైనం పూశాను, మూతలు వదిలేసి. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. బ్రష్‌తో రాసి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడిచేస్తే చెక్కలోకి ఇంకుతుంది. చూడ్డానికి కొవ్వొత్తుల కొట్టు వాలకమే గానీ తరుగు సగానికి పడిపోయింది. ఇది మూడో వాయికి ముందే చేసుంటే బాగుండేది.

ఒక వాయి తీసిన రోజే తర్వాతిది లోపలికి వెళ్లాలి. మధ్యలో 70–80 డిగ్రీల నీళ్లతో మడ్డి పోయేలా కడిగితే చాలు. వీలుకాకపోతే 19 లీటర్ల నీళ్లలో 38 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్, 19 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి నింపాలి. పీపా బతుకుతుంది, కానీ ఉన్న కాస్త చెక్క రుచి కూడా ఆ నీళ్లలోకే పోతుంది. గంధకం పట్టీ వెలిగించి వేలాడదీసే పద్ధతి ఉంది గానీ, విస్కీ ఆవిరి ఉన్న పీపాలో అది ప్రమాదం, అంటుకుంటుంది. క్లోరిన్ బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. చెక్కతో కలిస్తే వచ్చే తడి గోనెసంచి వాసన ఏం చేసినా వదలదు.

అయిదో వాయికి పీపాను కావాలనే పులుపుకు అప్పగించాను. బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్, పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా ఒకసారి చెక్కలోకి చేరితే మళ్లీ అందులో శుభ్రమైన స్టౌట్ మాగబెట్టడం కుదరదు. కాబట్టి చెక్క రుచి పూర్తిగా అయిపోయాకే ఈ పని. ఫ్లాండర్స్ రెడ్ పదకొండు నెలలుంది. పైన మీగడలా తెల్లటి తెట్టు కట్టింది. దాన్ని చెదరగొట్టకుండా, గొట్టాన్ని దాని కిందికి దించి నెలకోసారి నింపాను. ఓల్డ్ ఏల్‌ను ముంచిన ఆ గాలే ఇక్కడ పనికొచ్చింది. ఈ రకానికి లీలగా వెనిగర్ పుల్లదనం ఉండాలి కూడా.

సీసాల్లోకి దించేటప్పుడు రెండు విషయాలు. మొదటి వాయిల్లో బొగ్గు పెచ్చులు సైఫన్‌లో ఇరుక్కుంటాయి. గొట్టం చివర సన్నటి వల సంచి కట్టి, ఆఖరి అర లీటరు వదిలేయండి. నెలల తరబడి మాగిన బీరులో ఈస్ట్ చచ్చుబడి ఉంటుంది. 95 గ్రాముల పంచదారతోపాటు 2 గ్రాముల షాంపేన్ ఈస్ట్ కలపకపోతే నురగ రాదు.

ఇదంతా ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధమైన చోటికే. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం దీన్ని ఒప్పుకుంటోంది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కుదరదు.

రెండేళ్ల తర్వాత పీపా పరిస్థితి: పట్టీలకు అక్కడక్కడా తుప్పు, మేకు దగ్గర నల్లటి మరక, కారడం లేదు. అయిదో వాయి పోయిన నెల దించాను. ఆరోది, ఇంకో ఫ్లాండర్స్ రెడ్, అదే సాయంత్రం లోపలికి వెళ్లింది. అది జాడీలో సిద్ధంగా లేకపోయుంటే అయిదోదాన్ని ఇంకా కదిలించేవాణ్ణి కాదు.