శనివారం డిప్లొమా: వాక్యం పనిచేసిన క్లాసులు, అతికించిన క్లాసులు

విశాఖ గాజువాకలో మాది చిన్న చర్చి, చిన్న సంఘం. మా ఆయన పాస్టరు, వాక్యం (బైబిల్ బోధ) చెబుతారు, మిగతావన్నీ నా దగ్గరకు వస్తాయి. తాగొచ్చి కొట్టే మొగుడు, ఫీజు కట్టలేదని స్కూలు నుంచి ఇంటికి పంపేసిన పిల్ల, పెన్షన్ ఆగిపోయిన ముసలమ్మ... ఏదైనా "అమ్మగారూ, కొంచెం ప్రార్థన చేయండి" అనే మాటతోనే మొదలవుతుంది. ప్రార్థన అయ్యాక ఏం చేయాలో నేర్పుతారని విని, నగరంలో ఒక క్రైస్తవ సంస్థ శనివారాలు నడిపే ఏడాది డిప్లొమాలో చేరాను. క్రైస్తవ దృక్పథంతో సంఘసేవ, కౌన్సెలింగ్ అని బ్రోచర్‌లో ఉంది. ఫీజు 12,000, రెండు వాయిదాలు. సంస్థ పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లు కొందరు ఇప్పటికీ నాకు కూటాల్లో ఎదురుపడుతుంటారు.

మొదట్లో ఇచ్చిన నోట్సు చూసి డబ్బులు పోయినట్టే అనుకున్నాను. ఏదో అమెరికా పుస్తకంలోంచి దించిన పాఠాలు. అక్కడి ఫుడ్ స్టాంపులు, అక్కడి ఫోస్టర్ ఇళ్లు, అక్కడి ఆఫీసులు. ప్రతి పేజీ అడుగున ఒక బైబిల్ వాక్యం, పాత చీరకు కొత్త అంచు కుట్టినట్టు. ఆ వాక్యం తీసేసినా పాఠం ఏమీ మారదు. అంటే దానికి అక్కడ పనేమీ లేదన్నమాట.

ఆ నోట్సులోనే పనికొచ్చే ముక్క ఒకటి దొరికింది. మనిషిని ఉన్నట్టుగా అంగీకరించడం, తీర్పు తీర్చకపోవడం, తన నిర్ణయం తనే తీసుకోనివ్వడం, విన్నది బయటపెట్టకపోవడం వంటి ఏడు సూత్రాలు సోషల్ వర్క్ చదివే ఎవరికైనా నేర్పుతారు. వాటిని 1957లో అలా కూర్చి చెప్పినది ఫెలిక్స్ బియెస్టెక్ అనే జెస్యూట్ (కేథలిక్) ఫాదర్. దాని కింద ఎవరూ వాక్యం అంటించనక్కర్లేదు. బొంబాయిలో 1936లో టాటావాళ్ల సోషల్ వర్క్ స్కూలు మొదలైనప్పుడు దాని వెనక ఉన్నది నాగ్‌పాడా బస్తీలో పనిచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే మిషనరీ అని కూడా అక్కడే తెలిసింది. ఇలాంటివి మొదటి రోజే చెప్పి ఉంటే ఆ నోట్సు మీద నాకు అంత చిరాకు ఉండేది కాదు.

కోర్సు నిజంగా బాగున్నది అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెప్పిన రోజు. రోజూ భోజనం పంచుతుంటే గ్రీకు మాట్లాడే విధవరాండ్రను వదిలేస్తున్నారని గొడవ వచ్చింది కదా. మేడమ్ బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు: ఫిర్యాదు ఎవరిది, ఎవరు విన్నారు, చివరికి పెత్తనం ఎవరి చేతికి వెళ్లింది? ఆ పంపకం చూడటానికి ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నేను ఎన్నిసార్లు చదివి ఉంటానో, ఆ సంగతి ఒక్కసారీ గమనించలేదు. తర్వాత ఆవిడ, "2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీ సంఘాల్లో బియ్యం ఎలా పంచారో రాయండి" అన్నారు. అప్పుడు మొదలైంది అసలు క్లాసు. ఒక సిస్టర్ లేచి, వాళ్ల సంఘంలో రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే బస్తాలు ఇచ్చారని, అదే వీధిలో రేకులు ఎగిరిపోయిన రెండు హిందూ కుటుంబాలు చూస్తూ నిలబడ్డాయని చెప్పింది. వెనక నుంచి ఒక బ్రదర్, "కానుకల డబ్బండీ, మావాళ్లకు ఇచ్చుకుంటే తప్పేంటి?" అన్నాడు. మేడమ్ తిట్టలేదు. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ తీసి, "దారిలో పడి ఉన్నవాణ్ణి నీది ఏ సంఘమని ఆయన అడిగాడా బ్రదర్?" అన్నారు. ఆ సమరయుడు సత్రంవాడికి రెండు దేనారాలు (ఆనాటి నాణేలు) ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు చూడండి, ఆవిడ దాన్ని ఫాలోఅప్ అన్నారు. సాయం చేసి ఫొటో దిగి వెళ్లిపోవడం కాదన్నమాట.

చట్టాల క్లాసు ఇంకా వేడిగా సాగింది. పోక్సో చట్టం, 2012. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. పెద్దవయసు పాస్టర్ గారొకరు, "సంఘంలో సంగతి సంఘంలోనే సర్దుకోవాలి, పిల్ల పెళ్లి ఏమవుతుంది?" అన్నారు. లాయర్ సార్ వాదించకుండా మత్తయి 18:6 ఆయన చేతే చదివించారు. చిన్నపిల్లల్లో ఒకరిని అభ్యంతరపరచినవాడి మెడకు తిరగటిరాయి కట్టే వచనం. చదివాక, "ఆ సెక్షన్‌లో పాస్టర్లకు మినహాయింపు లేదండీ" అన్నారు. పాస్టర్ గారు ఒప్పుకోలేదు. టీ కొట్టు దగ్గర కూడా వాదన నడిచింది. నేను మాత్రం లాయర్ సార్ పక్షం.

మానసిక ఆరోగ్యం చెప్పడానికి రిటైరైన నర్సు గారొకరు వచ్చారు. స్వస్థత కూటాల గురించి ఆవిడ అన్నది నాకు మాటకు మాట గుర్తుంది: "ప్రార్థన చేయండి, ఎవరూ వద్దనరు. మాత్ర ఆపమని చెప్పడానికి మీరెవరు?" రోగిని గొలుసులతో కట్టకూడదని 2017 చట్టంలోనే ఉందని చెప్పి, మా అందరి చేతా బైబిల్ అట్ట లోపల నంబర్లు రాయించారు: పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, మానసిక సమస్యకు 14416, ముసలివాళ్లకు 14567. ఏడాది మొత్తంలో నేను ఎక్కువగా వాడుతున్నది ఆ పేజీనే.

ఫీల్డ్ వర్క్ విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో. రోగి తనంతట తాను అడిగితే తప్ప ప్రార్థన మొదలుపెట్టకూడదు, కరపత్రాలు పంచకూడదు అని ముందే షరతు పెట్టారు. కొందరికి ఇది మింగుడు పడలేదు. నాకు మాత్రం హాయిగా అనిపించింది. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లకు ఏ కౌంటర్‌కు వెళ్లాలో తెలియదు, ఉచిత వైద్య పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఏం అడగాలో తెలియదు. మేం వాళ్లతో నడిచి వెళ్లి కాగితాలు చూపించేవాళ్లం. మనవణ్ణి చేర్చిన తాత ఒకాయన పొద్దున్నుంచీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏం కావాలి తాతా అంటే ఫోన్ చార్జర్ అన్నాడు. ఫోన్ ఆగిపోయింది, కొడుకు ఎక్కడున్నాడో తెలియక బెంగ.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం కులం. ఎస్సీలు క్రైస్తవంలోకి వస్తే మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. సర్టిఫికెట్ కోసం సచివాలయానికి వెళ్లే ప్రతి కుటుంబమూ నన్ను అడిగేది దీని గురించే. క్లాసులో ఇది ఎత్తితే "రాజకీయాలు వద్దమ్మా" అని పది నిమిషాల్లో దాటేశారు. సంఘసేవ అని పేరు పెట్టి సంఘంలో సగం మంది బాధను దాటేస్తే ఎలా?

గుర్తింపు సంగతి కూడా చెప్పాలి. చేరేటప్పుడు "గుర్తింపు ఉంది" అన్నారు. ఎవరి గుర్తింపు అంటే ఏదో అసోసియేషన్ పేరు చెప్పారు. ప్రభుత్వ ఉద్యోగానికో, పెద్ద ఎన్జీవోలో పోస్టుకో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అడిగితే ఈ కాగితం చెల్లదు. అది కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విభాగం వైపు చూడండి. పాస్టరమ్మలు, సండే స్కూల్ టీచర్లు, హాస్టల్ వార్డెన్లయితే చేరొచ్చు. జూన్‌లో కొత్త బ్యాచ్ అంటున్నారు. చేరేముందు చట్టాల క్లాసు ఆ లాయర్ సారే చెబుతారో లేదో కనుక్కోండి. రెండో వాయిదాకు రసీదు అడిగి తీసుకోండి, మా బ్యాచ్‌లో చాలామందికి ఇవ్వలేదు.